తలపై చేయి, చెరగని ముద్ర

బలిపీఠం ఎదుట నేలపై ఒక యువకుడు బోర్లా పడుకొని ఉంటాడు. ఒంటిపై తెల్లని నిలువుటంగీ ఉంటుంది. ముఖం నేలకు ఆనించి, చేతులు నుదుటి కింద ముడిచి, కదలక మెదలక ఉంటాడు. ఆలయం నిండా ఉన్న జనం మరియమ్మ మొదలుకొని అపొస్తలులనూ హతసాక్షులనూ పేరుపేరునా స్మరిస్తూ, ఇతని కోసం ప్రార్థించమని వేడుకొంటూ పాడుతూ ఉంటారు. క్యాథలిక్ గురుపట్టాభిషేకంలో చూపరుల మనసును మొదట తాకే ఘట్టం ఇది. ఆ భంగిమకు మన భాషలో వెంటనే తోచే మాట సాష్టాంగం. దాని అంతరార్థం మాత్రం నమస్కారంతో ముగియదు. ఇంతవరకు ఉన్న మనిషి ఇక్కడ మరణించినట్లే. లేచి నిలబడేవాడు తన ఇంటికీ తన సుఖానికీ చెందినవాడు కాడు.

తరువాత జరిగేది మరింత నిరాడంబరం. అతడు లేచి వెళ్లి బిషప్పు ముందు మోకరిస్తాడు. తెలుగు క్యాథలిక్కులు మేత్రాణులు అని పిలుచుకొనే ఆ పెద్దగురువు తన రెండు చేతులూ అతని తలపై ఉంచుతాడు. మంత్రం లేదు, పాట లేదు, మాట లేదు. ఆలయమంతా నిశ్శబ్దం. బిషప్పు తరువాత అక్కడున్న గురువులందరూ ఒకరి వెంట ఒకరుగా వచ్చి, అలాగే మౌనంగా తలపై చేతులుంచి వెళతారు. వారి సంఖ్య పెద్దదైతే ఆ మౌనం చాలాసేపు సాగుతుంది. అటుపిమ్మట బిషప్పు అభిషేక ప్రార్థన పలుకుతాడు. ఆ స్పర్శ, ఆ ప్రార్థన, ఈ రెండింటితోనే గురుపట్టం పూర్తయినట్లు. మెడలో వేసే పట్టీ, పైన కప్పే పూజావస్త్రం, అరచేతులకు పూసే పరిమళ తైలం, చేతికి అందించే రొట్టె పళ్లెమూ ద్రాక్షారస పాత్రా అన్నీ జరిగిపోయిన దానికి వివరణలు మాత్రమే. ఈ విషయంలో శతాబ్దాల పాటు సందేహం ఉండేది. పాత్రను చేతికి ఇవ్వడమే అసలు క్రియ అని 1439లో ఫ్లోరెన్స్ మహాసభ చెప్పింది. కాదు, తలపై చేతులుంచడమే ప్రధానమని 1947 నవంబరులో పన్నెండవ భక్తినాథ పోపు నిర్ధారించారు.

అరచేతుల తైలాన్ని తుడిచిన గుడ్డకు ఒక ముచ్చట ఉంది. కొన్ని దేశాల క్యాథలిక్ కుటుంబాల్లో దానిని కొత్తగురువు తన తల్లికి ఇస్తాడు. ఆమె దాచుకొంటుంది. ఆమె మరణించిన నాడు దానిని ఆమె చేతుల్లో ఉంచి సమాధి చేస్తారు. శాస్త్రం విధించినది కాదు, ఇల్లాండ్రు కల్పించుకొన్న ఆచారం. బిడ్డను దేవునికి ఇచ్చిన తల్లి రిక్తహస్తాలతో వెళ్లకూడదన్న మమకారం అందులో కనబడుతుంది.

వంశం నుంచి పిలుపునకు

క్రైస్తవ గురుత్వాన్ని అర్థం చేసుకోవడానికి దాని మాతృమూలమైన యూదుల యాజకత్వాన్ని ముందుగా తెలుసుకోవాలి. అక్కడ యాజకుడు కావడం జన్మతో వచ్చే అధికారం. లేవీ గోత్రంలో, అందునా అహరోను వంశంలో పుట్టినవానికే బలిపీఠాన్ని సమీపించే అర్హత. లేవీయకాండంలో మోషే తన అన్న అహరోనును అభిషేకించే ఘట్టం ఉంది. తలపై తైలం పోస్తాడు. బలిపశువు రక్తాన్ని కుడి చెవి కొనకూ, కుడి బొటనవ్రేలికీ, కుడికాలి పెద్దవ్రేలికీ పూస్తాడు. వినే చెవి, చేసే చేయి, నడిచే పాదం మూడూ దేవునికి అంకితమని భావం. క్రీస్తు శకం 70లో రోమన్ సైన్యాలు యెరూషలేము దేవాలయాన్ని కూల్చివేశాయి. బలులు ఆగిపోయాయి. యాజక వంశాలు మిగిలాయి గాని వారికి బలిపీఠం మిగలలేదు.

యేసు లేవీ గోత్రీకుడు కాడు, యూదా గోత్రీకుడు. ఆ ధర్మశాస్త్రం ప్రకారం ఆయన యాజకుడు కాలేడు. హెబ్రీయులకు వ్రాసిన లేఖ ఈ చిక్కుకు ఒక విలక్షణమైన సమాధానం చెప్పింది. ఆదికాండంలో మెల్కీసెదెకు అనే రాజు ఒక్క క్షణం కనబడి మాయమవుతాడు. అతడు రొట్టెనూ ద్రాక్షారసాన్నీ తెచ్చి అబ్రాహామును ఆశీర్వదిస్తాడు. అతని తల్లిదండ్రులెవరో, వంశమేదో గ్రంథం చెప్పదు. వంశావళి లేని ఆ యాజకుని క్రమంలో క్రీస్తు శాశ్వత ప్రధానయాజకుడని ఆ లేఖ సిద్ధాంతం. బలి ఇచ్చేవాడూ ఆయనే, బలి అయినవాడూ ఆయనే. ఒక్కసారి జరిగిన ఆ బలి చాలును, మరొకటి అక్కరలేదని కూడా అది చెబుతుంది.

అలాగైతే క్రైస్తవులకు వేరే యాజకులెందుకు? ఈ ప్రశ్న ఆ మతంలోనే పుట్టి నేటికీ నలుగుతున్నది. కొత్త నిబంధనలో సంఘనాయకులకు వాడిన పదాలు మూడు. పర్యవేక్షకుడు అనే అర్థమిచ్చే గ్రీకు పదాన్ని తెలుగు బైబిలు అధ్యక్షుడు అన్నది. వృద్ధుడు అనే పదాన్ని పెద్ద అన్నది. సేవకుడు అనే పదాన్ని పరిచారకుడు అన్నది. బలి అర్పించే యాజకుడనే పదాన్ని ఆ గ్రంథం క్రీస్తుకు వాడింది, విశ్వాసులందరికీ కలిపి వాడింది గాని ప్రత్యేకంగా ఏ సంఘనాయకునికీ పదవీనామంగా వాడలేదు. ఇంగ్లీషులో నేడు పూజారికి వాడే ‘ప్రీస్ట్’ అనే మాట కూడా పెద్ద అనే అర్థంగల ‘ప్రెస్బుతెరోస్’ అనే గ్రీకు పదం అరిగి ఏర్పడినదే. సంఘపు పెద్ద కాలక్రమంలో బలిపూజ జరిపే గురువుగా ఎలా స్థిరపడ్డాడన్నదే క్రైస్తవ గురుత్వ చరిత్ర. మూడవ శతాబ్దం మధ్యలో కార్తేజి నగరపు బిషప్పు సిప్రియన్ వ్రాతల్లో బిషప్పు అప్పటికే యాజకుడు.

చేతులుంచే ఆచారానికి మూలం మరింత ప్రాచీనం. మోషే తన తరువాతి నాయకుడైన యెహోషువ తలపై చేయి ఉంచాడు. యెరూషలేములోని తొలి సంఘంలో విధవరాండ్రకు అన్నం పంచడంలో పక్షపాతం జరుగుతున్నదని గొడవ వచ్చినప్పుడు, ఏడుగురిని ఎన్నుకొని అపొస్తలులు వారి తలలపై చేతులుంచి ప్రార్థించారని అపొస్తలుల కార్యాలు చెబుతున్నవి. నేడు పరిచారక పదవికి ఆ ఘట్టాన్నే ఆదర్శంగా చెప్పుకొంటారు. వడ్డనలో వచ్చిన తగవు నుంచి ఒక పవిత్ర పదవి పుట్టడం ఆలోచింపదగినది.

పారిపోయిన మహనీయులు

నాలుగవ శతాబ్దపు చరిత్ర చదివితే ఒక విచిత్రం కనబడుతుంది. ఆ కాలపు మహాత్ములు చాలామంది గురుపట్టం వద్దని పారిపోయారు. నజియాంజు నగరవాసి గ్రెగొరీకి స్వయంగా బిషప్పు అయిన తండ్రి బలవంతంగా పట్టమిచ్చాడు. గ్రెగొరీ వెంటనే ఊరు విడిచి మిత్రుని ఆశ్రమానికి వెళ్లిపోయాడు. కొన్ని నెలలకు మనసు మార్చుకొని తిరిగి వచ్చి, ఎందుకు పారిపోయానో వివరిస్తూ సుదీర్ఘ ప్రసంగం వ్రాశాడు. ఇతరుల ఆత్మలను నడిపించడం కళలన్నింటిలోకీ కఠినమైనదని అందులోని సారం. యోహాను క్రిసోస్తొము కూడా అలాగే తప్పించుకొన్నాడు. పైగా తన మిత్రుని మోసగించి అతనికి మాత్రం పట్టం తగిలేటట్లు చేశాడు. ఆ మిత్రునికి సంజాయిషీగా సాగిన సంభాషణ రూపంలోనే గురుత్వంపై ఆరు భాగాల గ్రంథం వెలువడింది. ఈజిప్టు ఎడారిలోని అమ్మోనియస్ అనే సన్న్యాసి కథ వీటన్నింటినీ మించినది. జనం బిషప్పుగా తీసుకుపోవడానికి వస్తే అతడు తన ఎడమ చెవి కోసుకొన్నాడట. అంగవైకల్యం ఉన్నవాడు యాజకత్వానికి పనికిరాడని పాత ధర్మశాస్త్రం. అయినా వదలమంటే నాలుక కూడా కోసుకొంటానని బెదిరించాడని పల్లాడియస్ వ్రాశాడు.

మిలాను నగరంలో 374లో బిషప్పు ఎన్నిక రచ్చకెక్కితే శాంతిభద్రతల కోసం వచ్చిన పాలనాధికారి అంబ్రోజు. అతడింకా జ్ఞానస్నానమైనా పొందలేదు. జనమంతా ఒక్కగొంతుతో అతడే బిషప్పు కావాలన్నారు. ఎన్ని ఉపాయాలు పన్నినా తప్పించుకోలేక, జ్ఞానస్నానం పొందిన ఎనిమిది రోజుల్లోనే బిషప్పు అయ్యాడు. ఆ అంబ్రోజు చేత జ్ఞానస్నానం పొందిన అగస్టీను, బిషప్పు లేని ఊళ్లకు వెళితే తనను పట్టుకొంటారేమోనని జాగ్రత్తపడేవాడు. 391లో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణానికి ధైర్యంగానే వెళ్లాడు, అక్కడ బిషప్పు ఉన్నాడు గనుక. ఆ బిషప్పు వలేరియస్ నాడు ప్రసంగిస్తూ తనకొక గురువు సహాయం కావాలన్నాడు. జనం అగస్టీనును పట్టి ముందుకు లాక్కుపోయారు. అతడు వెక్కి వెక్కి ఏడ్చాడు. బిషప్పు పదవి దక్కలేదని ఏడుస్తున్నాడనుకొని, అది కూడా త్వరలోనే వస్తుందిలే అని కొందరు ఓదార్చారట! శిష్యుడు పొస్సీదియస్ చెప్పిన ఈ ముచ్చటలో నవ్వూ ఉంది, పదవులను లోకం చూసే చూపూ ఉంది.

గురువు పాపి అయితే?

అగస్టీను అడుగుపెట్టిన ఆ నేల అప్పటికి ఎనభై ఏళ్లుగా ఒక ప్రశ్నపై రెండుగా చీలి ఉంది. 303లో డయోక్లీషియన్ చక్రవర్తి పవిత్ర గ్రంథాలను అప్పగించి దహనం చేయాలని ఆజ్ఞాపించాడు. ఇవ్వనివారు కొందరు ప్రాణాలు విడిచారు. ప్రాణభయంతో ఇచ్చినవారిలో బిషప్పులూ ఉన్నారు. హింస తొలగిన తరువాత కార్తేజికి సిసీలియన్ అనే బిషప్పు వచ్చాడు. అతనికి పట్టమిచ్చిన ఫెలిక్స్ గ్రంథాలు అప్పగించిన ద్రోహి అని కొందరు ఆరోపించారు. ద్రోహి ఇచ్చిన పట్టం పట్టమే కాదు, ఆ పట్టంతో జరిగే పూజ పూజే కాదు, ఆ జ్ఞానస్నానం వట్టి నీరు అన్నారు. విచారణలో ఫెలిక్స్ నిర్దోషి అని తేలినా చీలిక ఆగలేదు. వారి నాయకుడు దొనాతు పేరు మీద వారికి దొనాతీయులని పేరు వచ్చింది. ఊరూరా రెండు ఆలయాలు, ఇద్దరు బిషప్పులు. 411లో కార్తేజిలో వాదానికి కూర్చుంటే రెండు పక్షాలకూ కలిపి ఐదువందల మందికి పైగా బిషప్పులు హాజరయ్యారు.

దొనాతీయుల వాదాన్ని తేలికగా తీసివేయలేము. చేతులు అపవిత్రమైతే ఆ చేతుల మీదుగా పవిత్రత ఎలా వస్తుంది? ప్రాణాలిచ్చిన తమ అన్నదమ్ములను కళ్లారా చూసినవారు అడిగిన ప్రశ్న అది. అగస్టీను సమాధానం ఉపమానాలతో సాగింది. రాతి కాలువలో పువ్వు పూయదు, అయినా ఆ కాలువ గుండా వెళ్లిన నీరు తోటను తడుపుతుంది. సూర్యకిరణం మురికిపై పడినా తాను మురికి కాదు. గురువు నిమిత్తమాత్రుడు, జ్ఞానస్నానమిచ్చేది క్రీస్తే. అపవిత్రుడైన గురువు తన పాపానికి తాను దేవునికి లెక్క చెప్పుకొంటాడు. భక్తుని ఫలం మాత్రం చెడదు. ఇలా కాకపోతే ప్రతి భక్తుడూ తన గురువు అంతరంగం తెలుసుకొనే దాకా అనుమానంతోనే బతకాలి. అది ఎవరికీ సాధ్యం కాదు. ఈ వాదంలో దొనాతీయులపై రాజశక్తి ప్రయోగాన్ని కూడా అగస్టీను చివరకు సమర్థించాడన్నది మరువరాని మచ్చ.

పాశ్చాత్య సంఘం ఈ ఆలోచనపైనే నిలిచింది. పట్టం ఆత్మపై చెరగని ముద్ర వేస్తుందని 1563లో ట్రెంట్ మహాసభ స్పష్టంగా శాసించింది. అందుకే క్యాథలిక్కుల్లో ఒకరికి రెండవసారి గురుపట్టం ఉండదు. పదవి నుంచి తొలగించినా, తానే విడిచివెళ్లి సంసారి అయినా, ఆ ముద్ర పోదు. పూజ చేసే అనుమతి మాత్రం పోతుంది. దీనికి ఒక అపురూపమైన మినహాయింపు ఉంది. ఎదుట ఒక మనిషి మరణాసన్నుడై ఉంటే, తొలగింపబడిన ఆ గురువు కూడా అతని పాపసంకీర్తనం విని క్షమాపణ పలకవచ్చునని, అది చెల్లుతుందని నేటి సంఘ చట్టం చెబుతున్నది. ముద్ర చెరగదన్న సిద్ధాంతం ఒక మనిషి చివరి ఘడియకు అక్కరకు వచ్చేది ఇక్కడే. అదే సిద్ధాంతాన్ని తప్పు చేసిన గురువులను కాపాడే గొడుగుగా వాడుకొన్న సందర్భాలూ మన కాలంలో వెలుగుచూశాయి. పూజ చెల్లుతుందన్నంత మాత్రాన పూజ చేసినవాడు శిక్షకు అతీతుడని అగస్టీను ఎన్నడూ అనలేదు.

ప్రాచ్య సంఘాల్లో ఈ బాధ్యతను చెప్పే తీరు వేరు. గ్రీకు, రష్యా సంప్రదాయాల్లో కొత్తగురువును బలిపీఠం చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణం చేయిస్తారు. అతడు రెండు మోకాళ్లపై నిలిచి నుదురు పీఠానికి ఆనిస్తే బిషప్పు తలపై చేయి ఉంచుతాడు. ఒక్కొక్క వస్త్రం తొడిగినప్పుడల్లా ‘అక్సియోస్’ అంటూ యోగ్యుడని జనమంతా ఎలుగెత్తి పాడతారు. ఆ పూజలోనే పవిత్రమైన రొట్టె ముక్కను అతని చేతుల్లో పెట్టి, క్రీస్తు తిరిగి వచ్చి అడిగే దినం దాకా దీనిని భద్రపరచమని బిషప్పు అప్పగిస్తాడు. అతడు దానిని పట్టుకొని తల వంచి నిలుచుంటాడు. యోగ్యుడని ఇంతకుముందే కేకలు విన్నవాని చేతికి వెంటనే ఆ అప్పగింత! అక్కడ వివాహితులు గురువులు కావచ్చును, పట్టానికి ముందే వివాహమై ఉండాలి. బిషప్పులు మాత్రం సన్న్యాసుల నుంచే. రోమను సంప్రదాయంలో గురువులకు బ్రహ్మచర్యం నియమం. పట్టం పొందినవారి వివాహం చెల్లదని 1139లోనే రెండవ లాటరన్ మహాసభ తీర్మానించింది.

పదహారవ శతాబ్దంలో జర్మనీలో మార్టిన్ లూథరు ఈ కట్టడాన్నంతా కుదిపివేశాడు. అతడూ 1507లో పట్టం పొందిన సన్న్యాసియే. తొలి పూజలో భయంతో వణికిపోయినవాడే. 1520లో అతడు, జ్ఞానస్నానం పొందిన ప్రతివాడూ యాజకుడే అన్నాడు. చెప్పులు కుట్టేవాడూ సేద్యం చేసేవాడూ దేవుని ఎదుట బిషప్పుకు తీసిపోరు. గురువు చేసేది ఒక ఉద్యోగం, దించివేస్తే అతడూ అందరివంటి రైతే. చెరగని ముద్ర అనేది కల్పన అన్నాడు. అయినా లూథరు సంఘాలు తలపై చేతులుంచే ఆచారాన్ని మానలేదు. క్వేకర్లు మాత్రం గురువులే లేకుండా మౌనంగా కూర్చొని ఆరాధించే దాకా వెళ్లారు.

దోర్నకల్లు, నంద్యాల

ఈ వివాదం మన తెలుగునేలను కూడా తాకింది. తమ బిషప్పుల పరంపర తొలి అపొస్తలుల నుంచి చెయ్యి మీదుగా చెయ్యి తెగకుండా వస్తున్నదని ఆంగ్లికన్ సంఘం నమ్మకం. 1896లో పదమూడవ సింహరాయ పోపు ఆ పరంపర తెగిపోయిందని, ఆంగ్లికన్ పట్టాలు చెల్లవని ప్రకటించారు. అటువంటి ఆంగ్లికన్ సంఘంలో 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ ఆలయంలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. పీఠం మాత్రం నాటి నిజాం రాజ్యంలోని దోర్నకల్లు. అక్కడ ఆయన కట్టించిన ఆలయంలో హైందవ, ముస్లిం శిల్పరీతులు కలిసి కనబడతాయి.

చీలిపోయిన సంఘాలు ఏకం కావాలన్నది అజరయ్య జీవితాంత తపన. 1919లో తరంగంబాడిలో మొదలైన చర్చలు ఇరవై ఎనిమిదేళ్లు సాగాయి. ముడి పడ్డది గురుత్వం దగ్గరే. బిషప్పు చేయి తగలని మెథడిస్టు, ప్రెస్బిటీరియన్ బోధకులు గురువులేనా? వారికి మళ్లీ పట్టమివ్వాలంటే ఇన్నేళ్లు వారు చేసిన సేవ శూన్యమన్నట్లవుతుంది. ఇవ్వకుంటే పరంపర తెగినట్లవుతుంది. చివరకు కుదిరిన మార్గం ఓర్పుతో కూడినది. అప్పటికే ఉన్న బోధకులందరినీ యథాతథంగా అంగీకరించడం, ఇకమీదట పట్టాలన్నీ బిషప్పుల చేతులమీదుగా జరపడం, ఇష్టం లేని సంఘంపై ఏ గురువునూ రుద్దకపోవడం, ముప్పై ఏళ్ల తరువాత మళ్లీ ఆలోచించడం. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి ఆలయంలో దక్షిణ భారత సంఘం ఏర్పడింది. అజరయ్య దానిని చూడలేదు, 1945 జనవరి 1న కన్నుమూశారు. కొత్తసంఘం తన గురువులకు ‘ప్రెస్బిటర్’ అనే పేరు ఎంచుకొంది. అర్థం పెద్ద అనే. మరుసటి ఏడాది లండనులో సమావేశమైన ఆంగ్లికన్ బిషప్పులు ఈ కొత్త పట్టాలను గుర్తించాలా వద్దా అన్న దానిపై ఏకాభిప్రాయానికి రాలేకపోయారు.

జన్మతో నిమిత్తం లేని పిలుపన్న మాట మనదేశంలో కులం ముందు ఎన్నోసార్లు తలవంచింది. హైదరాబాదు ఆర్చిబిషప్పు, అంతకుముందు కర్నూలు మేత్రాణులు అయిన పూల అంతోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితుడొకరు ఆ స్థానానికి చేరడం అదే మొదలు. రెండువేల ఏళ్ల సంఘచరిత్రలో ఇది ఎంత ఆలస్యమో చెప్పనక్కరలేదు.

స్త్రీల విషయంలో ఈ ఆలస్యం మరొక తీరు. 1944 జనవరిలో యుద్ధకాలపు చైనాలో హాంకాంగు బిషప్పు రొనాల్డ్ హాల్ ఫ్లోరెన్స్ లీ టిమ్ ఓయి అనే పరిచారకురాలికి గురుపట్టమిచ్చాడు. మకావులో చిక్కుకొన్న సంఘానికి పూజ జరిపే గురువు వేరొకరు రాలేని పరిస్థితి. యుద్ధం ముగిశాక ఆంగ్లికన్ పెద్దలు అభ్యంతరం చెప్పారు. తన బిషప్పును ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఆమె సేవ చేసే అనుమతిపత్రాన్ని వదులుకొంది. పట్టాన్ని మాత్రం వదులుకోలేదు, అది తన చేతిలో ఉన్న కాగితం కాదు గనుక. పాతికేళ్లకు పైగా నిరీక్షించిన తరువాత హాంకాంగు పీఠం ఆమెను తిరిగి గురువుగా గుర్తించింది. ఇంగ్లండు సంఘం స్త్రీలకు 1994లో గురుపట్టం, 2015లో బిషప్పు పట్టం ఇచ్చింది. 2025 అక్టోబరులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు పదవికి సారా ములాలీ పేరు ప్రకటించింది. స్త్రీలకు గురుపట్టమిచ్చే అధికారం సంఘానికి లేదని 1994లో రెండవ జాన్ పాల్ పోపు ప్రకటించారు. క్యాథలిక్ సంఘం ఆ మాటమీదే ఉన్నది.

1947 నాటి ఐక్యతలో చేరక వెలుపల ఉండిపోయిన ఆంగ్లికన్లు మన నంద్యాల ప్రాంతంలో వేలమంది. కారణాలు అనేకం, గురుపరంపర పలుచబడుతుందన్న ఆందోళన వాటిలో ఒకటి. 1970లలో గాని నంద్యాల పీఠం దక్షిణ భారత సంఘంలో కలవలేదు. 2013లో ఆ పీఠానికే ఎగ్గోని పుష్పలలిత అధ్యక్షురాలిగా అభిషిక్తురాలయ్యారు. దక్షిణ భారత సంఘంలో ఒక స్త్రీ తలపై ఆ పదవి కోసం బిషప్పుల చేతులు నిలవడం అదే మొదటిసారి.